ఒక్క అక్షరం తేడా

జూలై 14, సోమవారం

స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. మామూలు పెన్నుతో రాసింది నాకే కనిపించడం లేదు. ఈ అక్షరాల సైజుకు పేజీకి ఎనిమిది వరసలకు మించి పట్టవు. ఫరవాలేదు. ఇది ఎవరికీ చూపించేది కాదు.

శనివారం విజయవాడ వెళ్ళి వచ్చాను. డేవిడ్‌కు సిమెంటు ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు. "సెలవు పెట్టి నేనూ వస్తా" అన్నారు. "అద్దాలు మార్పించుకోవడానికి మొగుడూ పెళ్ళాం ఇద్దరెందుకు?" అని ఒక్కదాన్నే బస్సెక్కాను.

డాక్టరు గారు కళ్ళలో చుక్కలు వేసి, ఫొటోలు తీసి, చాలాసేపు చూశారు. కంటి వెనక పొర సరిగ్గా మధ్యలో పాడవుతోందట. రెండు కళ్ళకూ.

"నడకకు ఇబ్బంది ఉండదమ్మా. మనుషులూ వస్తువులూ పక్కచూపుతో తెలుస్తాయి. చదవటమే కష్టమవుతుంది. ప్రస్తుతానికి దీనికి మందు లేదు" అన్నారు.

"నేను తెలుగు టీచర్నండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ మాట వింటే ఇంకేదో మందు రాసిస్తారనుకున్నానేమో.

అద్దాలు వచ్చే వారం ఇస్తారని ఇంట్లో చెప్పాను.

జూలై 15, మంగళవారం

ఈ రోజు బాగానే కనిపిస్తోంది. డాక్టర్లు ఒక్కోసారి ఎక్కువ చేసి చెబుతారు.

జూలై 23, బుధవారం

జగ్గయ్యపేట బస్టాండులో, బడి మీదుగా పోయే నందిగామ బస్సనుకుని వేదాద్రి బస్సెక్కాను. బోర్డు వైపు చూస్తే బోర్డున్న చోట బూడిదరంగు మచ్చ. పక్కకు చూస్తే బస్సు కనిపిస్తుంది, బోర్డు కనిపించదు. ఎవరినైనా అడగవచ్చు. పద్దెనిమిదేళ్ళుగా అదే బస్టాండులో ఎక్కుతున్న టీచరమ్మ ఏం బస్సని అడిగితే ఏమనుకుంటారు?

చిల్లకల్లు వైపు తిరగకుండా బస్సు నేరుగా పోతుంటే అప్పుడు తెలిసింది. కండక్టరు "దిగండమ్మా" అంటాడనుకుంటే, "పోన్లెండి, స్వామి దర్శనం రాసిపెట్టుందేమో" అన్నాడు. నా మెడలో సిలువ చూడలేదు పాపం. వేదాద్రిలో దిగి, కృష్ణ ఒడ్డున పావుగంట నిలబడి, అదే బస్సులో వెనక్కి వచ్చాను. నీళ్ళు బాగా కనిపించాయి. నీళ్ళకు అక్షరాలుండవు కదా.

రెండో పీరియడ్‌కు గానీ బడికి చేరలేదు. హెడ్‌మిస్ట్రెస్ చూడామణి గారితో బస్సు చెడిపోయిందని చెప్పాను.

ఆగస్టు 8, శుక్రవారం

పదో తరగతి పరీక్ష పేపర్లు. యాభై రెండు.

పాఠం చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. పద్యాలన్నీ కంఠతా వచ్చు, గద్యం పిల్లలతో చదివిస్తాను. పేపర్ల దగ్గర ఆ ఉపాయం పనికిరాదు. భూతద్దం పెట్టి, కాగితం పక్కకు తిప్పి, ఒక్కో మాట పట్టుకుంటూ పోతే రెండు గంటల్లో ఆరు పేపర్లయ్యాయి. తలనొప్పితో వాంతి వచ్చింది.

మిగతావి పేజీలు తిరగేసి, ఎంత రాశారో చూసి మార్కులు వేశాను. నా పిల్లలు నాకు తెలియదా? ఎవరు ఎలా రాస్తారో చూడకుండానే చెప్పగలను. ఎవరికీ అన్యాయం జరగలేదు.

ఎవరికీ అన్యాయం జరగలేదు.

ఆగస్టు 12, మంగళవారం

మధ్యాహ్నం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే గోడ అవతల ఆడపిల్లల మాటలు. క్రిస్టీ గొంతు. పదో తరగతిలో ముందు బెంచీ పిల్ల.

"ఒసేయ్, రెండో ప్రశ్నకి మా మేకల పేర్లు రాశానే. ఒక్కోదాని గురించి రెండేసి లైన్లు. పదికి ఏడేసింది మేడమ్!"

"నిజంగానా?"

"మేడమ్ చదవట్లేదే. కాయితం తిప్పుద్ది, అంతే."

అందరూ నవ్వారు. చెయ్యి కడిగిందే కడుగుతూ నిలబడ్డాను. అది నన్ను పరీక్ష పెట్టి చూసింది. నేను తప్పాను.

ఆగస్టు 13, బుధవారం

ఏదో ఒకటి చెయ్యాలి. కంప్యూటరు తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని ఎక్కడో విన్నాను. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు దగ్గర డేవిడ్ ఉంటారు. అందుకని బడి లాప్‌టాప్ తీసుకున్నాను. అది స్టాఫ్‌రూమ్‌లో అందరిదీ. చివరి పీరియడ్ నాకు ఖాళీ, రూములో ఎవరూ లేరు.

అక్షరాలు వీలైనంత పెద్దవి చేసుకుని వెతికాను. మొదట వచ్చిన దాన్నే తెరిచాను. పేజీ నిండా ఏవేవో రాతలు, మధ్యలో అరచెయ్యంత పచ్చ బటన్. అదొక్కటే నాకు స్పష్టంగా కనిపించింది. నొక్కాను. వైరస్‌ను ఆపే ప్రోగ్రామ్ అడ్డు చెప్పింది. భూతద్దం పెట్టి చూస్తే, దాన్ని ఆపేస్తేగానీ ఇది పనిచేయదని పేజీలో రాసి ఉంది. ఆపేశాను. ఆ తర్వాత వరసగా ఏవో అడిగింది. అన్నిటికీ సరే, సరే, సరే.

అయిపోయిందని వచ్చింది. కానీ ఏమీ మాట్లాడలేదు. రేపు చూద్దాం. ఎందుకో సంతోషంగా ఉంది.

ఆగస్టు 14, గురువారం

లాప్‌టాప్‌లో ఉన్న ఫైళ్ళ పేర్లన్నీ మారిపోయాయి. ఏదీ తెరుచుకోవడం లేదు. తెర మీద ఇంగ్లీషులో చీటీ లాంటిది: మీ ఫైళ్ళకు తాళం వేశాం, డబ్బు పంపితే తీస్తాం అని. ఉదయభాస్కర్ గారు పైకి చదివారు.

ఆయన లెక్కల మాస్టారు. మూడేళ్ళుగా పదో తరగతికి తెలుగులో తయారు చేసుకున్న లెక్కల పాఠాలు, బొమ్మలు, అభ్యాసాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన సొంత లాప్‌టాప్ వేసవిలో పాడైతే అన్నీ తెచ్చి ఇందులో పెట్టుకున్నారు.

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. నేను నీళ్ళ గ్లాసు అందించాను. అంతే చేశాను.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా వందనం. పిల్లలకు చాక్లెట్లు పంచాను. ఉదయభాస్కర్ గారు రాలేదు.

ఆగస్టు 18, సోమవారం

నందిగామ నుంచి కంప్యూటరు మెకానిక్ వచ్చి చూశాడు. "ఇయ్యి తిరిగొచ్చేవి కావు మేడమ్. డబ్బు పంపినా తీస్తారన్న నమ్మకం లేదు. మొత్తం తుడిచేసి కొత్తగా వేసుకోవటమే" అన్నాడు.

"ఎట్టా వచ్చిందంటావు?" చూడామణి గారు అడిగారు.

"ఎవరో నెట్‌లోంచి పనికిమాలిందేదో దించుంటారండి. లేకపోతే బయటి పెన్‌డ్రైవ్ పెట్టుంటారు."

పెన్‌డ్రైవ్ వాడేది ఉదయభాస్కర్ గారొక్కరే. అందరూ ఆయన వైపు తిరిగారు. నేనూ తిరిగాను. ఆయన మొహం ఉన్న చోట నాకు మచ్చే కనిపించింది. ఇంత మేలు ఎప్పుడూ చెయ్యలేదు ఈ కళ్ళు.

"నా పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదు మేడమ్" అన్నారాయన.

"మిమ్మల్నేమీ అనలేదు మాస్టారూ" అన్నారు చూడామణి గారు, అన్నట్టే.

ఆగస్టు 19, మంగళవారం

పెన్‌డ్రైవ్ వల్ల కూడా అయి ఉండవచ్చు. మెకానిక్కే చెప్పాడు కదా.

ఆగస్టు 20, బుధవారం

జీతం ఖాతాకు ఫోన్ నంబరు మార్పించాలని మధ్యాహ్నం నందిగామలో బ్యాంకుకు వెళ్ళాను. నాలుగో కౌంటరుకు వెళ్ళమన్నారు. అక్కడ యాభై ఏళ్ళాయన, నల్లద్దాలు, ఒక చెవిలో ఇయర్‌ఫోన్. తెర వైపు చూడకుండా, తల కొద్దిగా వంచి, టకటక టైపు చేస్తున్నారు. బల్లకు ఆనించి తెల్లకర్ర. పేరు బోర్డు నేను చదవలేను. పక్క కౌంటరావిడ "ఏసురత్నం గారూ" అని పిలిస్తే తెలిసింది.

ఫారం ఇచ్చారు. ఎక్కడ పేరు రాయాలో అడిగాను. ఎక్కడ నంబరు రాయాలో అడిగాను. సంతకం ఎక్కడని మూడోసారి అడిగాను.

ఆయన ఇయర్‌ఫోన్ తీసి, గొంతు తగ్గించి అన్నారు: "తప్పుగా అనుకోవద్దు మేడమ్. ఎన్నాళ్ళ నుంచి?"

"ఏదండీ?"

"చూపు."

ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా. కట్టుకున్నాయన అడగలేదు, కలిసి పనిచేసేవాళ్ళు అడగలేదు. కళ్ళు లేని మనిషి అడిగాడు. ఫారం బల్ల మీద వదిలేసి బయటికి వచ్చేశాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఫోన్ నంబరు మార్చాలి కదా.

ఆయన ఏమీ జరగనట్టే, "రూళ్ళకర్ర పెట్టి చూపిస్తా, దాని పైన చెయ్యండి సంతకం" అన్నారు. ఆ తర్వాత ఇయర్‌ఫోన్ నా వైపు చాపి, "ఒకసారి వినండి" అన్నారు.

చెవిలో పెట్టుకున్నాను. యంత్రం గొంతు గబగబా చదువుతోంది. నా పేరు. మా ఆయన పేరు. మా ఊరి పేరు. తెర మీద ఉన్నదంతా.

"నేను పని చేసేది ఇట్టాగే" అన్నారు. "ఆదివారం గుడి అయ్యాక మా ఇంటికి రండి. మా ఆవిడ కూడా ఉంటది."

ఆగస్టు 21, గురువారం

నా పేరును అంత స్పష్టంగా ఎవరూ పలకలేదు అనిపిస్తోంది. యంత్రమే అయినా.

ఆగస్టు 24, ఆదివారం

ఆరాధన అయ్యాక, సండేస్కూలు మీటింగని డేవిడ్‌కు చెప్పి నందిగామ వెళ్ళాను. ఇంకో అబద్ధం.

ఏసురత్నం గారి సొంత ఊరు చెవిటికల్లు. పదిహేడో ఏట జ్వరం వచ్చి చూపు పోయిందట. హైదరాబాదులో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నారు. ఆయన భార్య కృపావతి గారు టీ ఇచ్చి, "ఈయన మొదలుపెడితే ఆపరు, మీరే మధ్యలో ఆపాలి" అని నవ్వి, మిరపకాయలు ఎండబెట్టడానికి డాబా మీదికి వెళ్ళారు.

నేను జరిగిందంతా చెప్పేశాను. పేపర్లు, లాప్‌టాప్, ఉదయభాస్కర్ గారు. ఆయన ముఖం ఎలా పెట్టారో చూడలేదు. ఆయన నా ముఖం చూడలేరు. అందుకే చెప్పగలిగానేమో.

"ఆ రోజు ఏం చూసి నొక్కారు మేడమ్?"

"పెద్ద పచ్చ బటన్ ఉంటే..."

"పచ్చదే ఎందుకు నొక్కారు?"

"అదొక్కటే కనపడింది."

ఆయన తొడ మీద చరుచుకుని నవ్వారు. "కనపడాలనే గదా వాళ్ళు పెట్టేది! చూపున్నవాళ్ళే ఎక్కువ పడతారు ఇందులో. నాకు పచ్చా లేదు, పెద్దా లేదు. బటన్ పేరేందో, అది ఏ అడ్రసుకి పోద్దో, ఈ మిషన్ చెప్పుద్ది. అది విని నొక్కుతా. తొమ్మిదేళ్ళల్లో ఒక్కసారి కూడా మోసపోలా." కాసేపాగి, "ఒక్కసారి పోయాలెండి. తొందరలో" అన్నారు.

తర్వాత ఆయన కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టి, స్పీకరు పెట్టి, మొదటి నుంచి చేయించారు.

"ఏం కావాలో తెలుసుకోకుండా వెతకబాకండి. ముందు రోజూ వాడే మనిషిని అడగండి, దాని పేరేంది, తయారు చేసిందెవరు అని. నన్నడిగారు, చెప్పా. ఇప్పుడు ఆ తయారు చేసినవాళ్ళ సొంత చోటుకే పోవాలి. మధ్యలో వంద దుకాణాలు పిలుస్తయ్, ఆగొద్దు."

వెతికాను. మొదటి ఫలితం దగ్గర యంత్రం 'ప్రకటన' అంది. "విన్నారా? అది డబ్బిచ్చి ముందు నిలబడినవాడు. కిందికి రండి."

కిందికి వచ్చాను. "ఇప్పుడు అడ్రసు మీద ఆగి, బాణం గుర్తు నొక్కుతూ ఒక్కో అక్షరం వినండి. తెలుగు టీచరు గదా, అక్షరం తప్పితే ఒప్పుకోరు గదా మీరు."

ఒక్కో అక్షరం విన్నాను. సరిపోయింది. దించుకున్నాం. తెరిచే ముందు యంత్రం తయారీదారు పేరు చదివింది. "ఈ పేరూ ఆ పేరూ ఒకటేనా? 'తెలియని తయారీదారు' అంటే మాత్రం అక్కడే ఆపెయ్యాలి. ఇంకో సంగతి, కాపలా కుక్కని కట్టేస్తేనే లోపలికొస్తా అనేవాడు చుట్టం కాడు. వైరస్ ఆపే ప్రోగ్రామ్‌ని తీసెయ్యమని ఏ పేజీ చెప్పినా ఆ పేజీ మూసెయ్యండి."

"దీనికి డబ్బెంత కట్టాలండీ?"

"ఊరికే ఇస్తారు. దీన్ని మొదలుపెట్టినవాళ్ళూ మనలాంటోళ్ళే, చూపు లేనోళ్ళు. డబ్బడిగారంటే మీరు వేరే చోటికి పోయారని లెక్క."

మనలాంటోళ్ళు. ఆ మాట దగ్గర నాకు కోపం రావాలి. రాలేదు.

బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చి అన్నారు: "మిషన్ నేర్చుకోవటం ఎంతసేపు మేడమ్, నెల. ఆ లెక్కల మాస్టారి సంగతి మాత్రం నెల ఆగేది కాదు."

ఆగస్టు 25, సోమవారం

ప్రార్థన అయ్యాక చూడామణి గారి గదికి ఉదయభాస్కర్ గారిని కూడా రమ్మన్నాను. నిలబడే చెప్పాను. లాప్‌టాప్ పాడు చేసింది నేను. కళ్ళు పోతున్నాయి. పేపర్లు చదవకుండా మార్కులు వేశాను. మూడూ ఒకే ఊపులో చెప్పేశాను. మధ్యలో ఆగితే మిగతాది చెప్పలేనని తెలుసు.

చూడామణి గారు, "లాప్‌టాప్ పోతే పోయింది. పిల్లల వివరాలు కాయితం మీద ఉన్నయ్, మళ్ళీ కొట్టుకుందాం. ఆ యాభై రెండు పేపర్లు మాత్రం నేను ఊరుకోను పరిమళ గారూ. మళ్ళీ దిద్దాలి" అన్నారు.

"నేను దిద్దలేను మేడమ్."

"నేను దిద్దుతా. నాదీ తెలుగు ఎమ్మేనే. ఇకనుంచి మీ పేపర్లు నావి. నా తొమ్మిదో తరగతి పీరియడ్లు మీవి. సరేనా?" గొంతు కఠినంగానే ఉంది. కుర్చీ మాత్రం నా వైపు జరిపారు.

ఉదయభాస్కర్ గారు తలుపు దగ్గర నుంచే అన్నారు: "కళ్ళ సంగతికి నాకు కోపం లేదు మేడమ్. పాఠాలు పోయినందుకూ లేదు, తెలియక చేశారు. వారం రోజులు అందరూ నన్ను దొంగని చూసినట్టు చూస్తుంటే, మీరు పక్క కుర్చీలో కూర్చుని నోరు మెదపలేదు చూడండి. దానికి."

వెళ్ళిపోయారు. ఆయన అన్నదానిలో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

సాయంత్రం జగ్గయ్యపేట బస్టాండుకు డేవిడ్ బండి తెచ్చారు. ఎక్కలేదు. బెంచీ మీద కూర్చోమని అక్కడే చెప్పాను. ఇల్లు చేరితే ధైర్యం చాలదని.

ఆయన వింటూ బండి తాళాలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ కూర్చున్నారు. అరుస్తారనుకున్నాను.

"రెండు నెల్ల నుంచి నా మొహం చూడట్లేదు నువ్వు" అన్నారు. "మాట్లాడతావు, పక్కకి చూస్తావు. భుజం మీంచి ఎటో చూస్తావు. ఏం తప్పు చేశానా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా పరిమళా. ఫ్యాక్టరీలో కూడా అదే ఆలోచన."

"పక్కకి చూస్తేనే మీరు కనపడతారు. సూటిగా చూస్తే మచ్చ."

"అయితే ఇప్పుడు కనపడుతున్నానా?"

ఆయన చెవి వైపు చూశాను. మొహం కనిపించింది. ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. గడ్డం గీసుకోలేదు.

"ఆ" అన్నాను.

సెప్టెంబరు 3, బుధవారం

ఇంట్లో పాత కంప్యూటరులో నేనే దించుకుని వేసుకున్నాను. వేసే ముందు ఉన్న ఫొటోలన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయించాను. డేవిడ్ పక్కన కూర్చుని, "ఇదిగో, ఇక్కడ పెద్ద బటన్ ఉంది, నొక్కెయ్" అన్నారు. "నొక్కను. అదెక్కడికి పోతుందో ముందు అక్షరం అక్షరం చదివి వినిపించండి" అన్నాను. అది వేరే ఏదో ఆటల కంపెనీ ప్రకటన. డేవిడ్ ఆ తర్వాత సలహాలివ్వలేదు.

సెప్టెంబరు 6, శనివారం

ఈ యంత్రానికి తెలుగు రాదు. వచ్చు, కానీ రాదు. సీస పద్యాన్ని కరెంటు బిల్లు చదివినట్టు చదివింది. ఒత్తుల దగ్గర తొట్రుపడుతుంది. తప్పు చదివినప్పుడల్లా పైకే దిద్దుతున్నాను. డేవిడ్ వంటింట్లో నుంచి, "దాన్ని బెంచీ ఎక్కించు" అంటున్నారు.

సెప్టెంబరు 9, మంగళవారం

ఈ రోజు ఏమీ బాగాలేదు. ఎడమ కంటిలో మచ్చ పెరిగింది. కంప్యూటరు ముట్టుకోలేదు.

సెప్టెంబరు 13, రెండో శనివారం

నందిగామ వెళ్ళాను. ఎడమ కన్ను సంగతి చెబితే ఏసురత్నం గారు ఓదార్చలేదు. "అయితే ఇయ్యాల తెర ఆపేసి చేద్దాం" అన్నారు. తెర నల్లగా ఉంది. చెవితోనే ఫైలు తెరిచి, రాసి, దాచి, మూసి, మళ్ళీ తెరిచాను. మూడు గంటలు పట్టింది. తలనొప్పి లేదు. మొదటిసారి గమనించాను అది. తలనొప్పి లేదు.

సెప్టెంబరు 16, మంగళవారం

పదో తరగతికి చెప్పాను. చూడామణి గారు దిద్దిన పేపర్లు పంచుతూ, ఎందుకు మళ్ళీ దిద్దాల్సి వచ్చిందో చెప్పాను.

క్రిస్టీ లేచి నిలబడింది. "మేడమ్, నేను మేకల పేర్లు రాశా."

"తెలుసమ్మా. ఎన్ని మేకలు?"

"పదకొండు మేడమ్."

"హెడ్‌ మేడమ్ ఎన్నేశారు?"

"సున్నా మేడమ్."

"న్యాయమే."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల కూర్చోకుండా, "నాకు తెలిస్తే అట్టా రాసేదాన్ని కాదు మేడమ్" అంది. నువ్వు రాయబట్టే ఇంత జరిగింది అని చెప్పాలనుకున్నాను. చెబితే ఇంకా మేకలు రాస్తారని ఊరుకున్నాను.

ఇకనుంచి వారానికోసారి ఎవరి జవాబు వాళ్ళే పైకి చదవాలని పెట్టాను. చదువుతూ వాళ్ళ తప్పులు వాళ్ళే ఆగి దిద్దుకుంటున్నారు. ఇన్నేళ్ళు ఎర్ర సిరా వృథా చేశానేమో.

అక్టోబరు 6, సోమవారం

దసరా సెలవుల తర్వాత మొదటి రోజు. ఉదయభాస్కర్ గారు ఇప్పటికీ అవసరమైతే తప్ప మాట్లాడరు. నమస్కారానికి నమస్కారం, అంతే.

భోజనాల తర్వాత ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను. "మాస్టారూ, ఆ పాఠాలన్నీ ముందు నోటుబుక్కుల్లో రాసుకున్నారు కదా. అవి ఉన్నాయా?"

"ఉన్నయ్. గజిబిజిగా ఉంటయ్. ఏం?"

"మీరు చదవండి. నేను టైపు చేస్తా."

"మీరా?" అన్నారు. వెంటనే ఆ మాటకు తనే ఇబ్బంది పడ్డట్టున్నారు, దగ్గారు. "అది కాదు మేడమ్. లెక్కలు. గుర్తులూ భిన్నాలూ ఉంటయ్."

"వారం రోజులు మాట్లాడకుండా కూర్చున్నాను కదా. ఇప్పుడు బడి వదిలాక రోజూ అరగంట కూర్చుంటా. మీరు చెప్పింది చెప్పినట్టు కొడతా. తప్పైతే అప్పటికప్పుడే చెప్పండి."

సొరుగు లాగిన చప్పుడు. నోటుబుక్కు బల్ల మీద పడిన చప్పుడు.

"మొదటి పాఠం, వాస్తవ సంఖ్యలు" అన్నారు.

అక్టోబరు 8, బుధవారం

తుడిచి కొత్తగా చేయించిన బడి లాప్‌టాప్‌లో కూడా చదివే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. నాలుగు పేజీలు.

అక్టోబరు 17, శుక్రవారం

ఈ రోజు 'లంబకోణ' అనాల్సింది యంత్రం ఏదోలా చదివితే ఆయన నవ్వారు. ఆగస్టు తర్వాత ఆ నవ్వు వినడం ఇదే మొదలు. ఇరవై రెండు పేజీలయ్యాయి. ప్రతి శుక్రవారం ఒక కాపీ చూడామణి గారి బీరువాలో డిస్కులోకి, ఇంకోటి ఆయన ఇంటికి.

నవంబరు 11, మంగళవారం

విజయవాడ డాక్టరు దగ్గరికి డేవిడ్‌తో వెళ్ళాను. మధ్య మచ్చ కొంచెం పెరిగింది. చుట్టూ చూపు అలాగే ఉంది. "పని ఎలా చేస్తున్నారమ్మా?" అని అడిగారు. చెప్పాను. ఆయన ఆ సాఫ్ట్‌వేర్ పేరు రాసుకుని, ఎక్కడ నుంచి దించాలో అడ్రసు ఒక్కో అక్షరం నా చేత చెప్పించుకున్నారు. ఇంకెవరికో చెప్పాలట. డాక్టరుకు నేను మందు రాసిచ్చినట్టయింది.

కంచికచర్లలో బస్సు ఆగినప్పుడు డేవిడ్ దిగి జామకాయలు తెచ్చారు. ఉప్పూ కారం ఎక్కువైంది. ఇద్దరం దగ్గుతూ తిన్నాం.

నవంబరు 20, గురువారం

నాలుగో నోటుబుక్కు మొదలైంది. చూడామణి గారు స్టాఫ్‌రూమ్‌లో కాగితం అంటించారట: పరిమళ మేడమ్ వినకుండా ఈ లాప్‌టాప్‌లోకి ఎవరూ ఏదీ దించరాదు అని. ఎక్కడ అంటించారో నాకు కనిపించలేదు. అందరూ వచ్చి చదివి వినిపించి పోతున్నారు.

డిసెంబరు 5, శుక్రవారం

ఉదయభాస్కర్ గారి పాఠాలన్నీ తిరిగి వచ్చాయి. బొమ్మలు తప్ప. త్రిభుజాలు, వృత్తాలు, వాటి స్పర్శరేఖలు నేను టైపు చెయ్యలేను. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటుందని ఆయనకు గుంటూరులో ఉన్న స్నేహితుడు చెప్పాడట. సాయంత్రం బడి వదిలాక లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు.

"నేను చూసి పెట్టా మేడమ్. పేజీ బాగానే ఉంది. పేరు సరిగ్గానే ఉంది, బొమ్మ గుర్తు కూడా అదే. అయినా రూలుంది కాబట్టి వినండి."

ఇయర్‌ఫోన్ పెట్టుకుని అడ్రసు మీద ఆగాను. బాణం నొక్కుతూ వెళ్ళాను. ఒక్కో అక్షరం. మధ్యలో ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ విన్నాను.

"మాస్టారూ, దీని పేరులో ఎల్ ఒకటా, రెండా?"

"ఒకటే."

"ఇందులో రెండున్నాయి."

ఆయన వంగి తెరకు దగ్గరగా ముఖం పెట్టారు. కుర్చీ కిర్రుమంది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"పావుగంట చూశా మేడమ్" అన్నారు మెల్లగా. "నాకు కనపడలా."

ఆ పేజీ మూసేశాను. ఆయన స్నేహితుడికి ఫోన్ చేసి, తయారు చేసినవాళ్ళ సొంత అడ్రసు చెప్పించుకున్నాం. విన్నాను. సరిపోయింది. తయారీదారు పేరు విన్నాను. సరిపోయింది. "ఇప్పుడు నొక్కండి" అన్నాను. "మీరే నొక్కండి" అన్నారు.

నొక్కాను.

అది తెరుచుకున్నాక ఆయన నా పక్కకు కుర్చీ జరుపుకున్నారు. ఇక యంత్రం పనికి రాదు. బొమ్మ దానికి కనిపించదు, నాకూ కనిపించదు. నేను లేవబోతుంటే, "ఉండండి మేడమ్, నేను చెప్తా" అన్నారు.

"ముందు అడ్డంగా ఒక గీత గీస్తున్నా. ఎడమ కొసకి ఏ, కుడి కొసకి బి అని పేర్లు. ఇప్పుడు బి దగ్గర నుంచి నిట్టనిలువుగా పైకి పోతున్నా. పోతున్నా... ఆగా. ఇది సి. ఇప్పుడు సి నుంచి ఏ దాకా ఏటవాలుగా దిగుతున్నా. కలిసింది. వస్తుందా మేడమ్?"

"వస్తోంది" అన్నాను. "ఆ కోణాలు కూడా చెప్పండి."